అండాలక్క దుకాణానికే ఎందుకు?

రెండేళ్ళ కిందటి మాఘమాసం. డిగ్రీ అయ్యాక ఏడాది ఇంట్లో కూర్చుని, చివరికి కేసముద్రంలో కొత్తగా పెట్టిన మార్టులో ఉద్యోగం సంపాదించుకున్నాను. చేరి మూడు నెలలు. మాది కొత్తగూడ అడవి అంచున ఉన్న తండా. నీలం యూనిఫాం వేసుకొని ఏసీలో నిలబడే కొలువు మా తండాలో ఆడపిల్లకు రావడం అదే మొదలు. మా బాపు బాల్‌సింగ్ ఆ యూనిఫాంలో ఉన్న నా ఫొటోను ఫోన్‌లో పెట్టుకొని, బస్సులో పక్కన కూర్చున్న ప్రతివాళ్ళకూ చూపించేవాడు.

ఒక పొద్దున మా మేనేజర్ రవి సార్ నన్ను పిలిచాడు. హైదరాబాద్ నుంచి వచ్చిన మనిషి. ముప్పై దాటలేదు. మాట మెత్తన.

"రజితా, స్టేషన్ దారిలో అండాలు కిరాణం ఉంది కదా. అక్కడ ప్రతి వస్తువూ మనకంటే రూపాయో రెండో ఎక్కువే. ఇరుకు. సరైన ఫ్యాను కూడా లేదు. మనం వచ్చాక ఆ దారిలో మిగతా దుకాణాలు పలచబడ్డాయి. ఆమె దగ్గర మాత్రం జనం తగ్గలేదు. ఎందుకు?"

"తెల్వదు సార్."

"నాకూ తెలియదు. అందుకే అడుగుతున్నా. రోజూ పొద్దున రెండు గంటలు అక్కడ ఉండు. చూసింది చూసినట్టు రాసుకురా."

చిన్నప్పటి నుంచి నాకు 'ఎందుకు' అనే మాట మీద మోజు. కోడి గుడ్డు పెట్టాకే ఎందుకు అరుస్తుంది, వాగులో నీళ్ళు పొద్దున వెచ్చగా ఎందుకుంటాయి అని అడిగి అడిగి మా యాడితో తిట్లు తిన్నదాన్ని. మా భాషలో అమ్మను యాడి అంటాం. జీతమిచ్చి మరీ 'ఎందుకు' అని అడిగి రమ్మంటే ఇంకేం కావాలి? ఆ రోజే యూనిఫాం తీసేసి, మామూలు చుడీదార్ వేసుకొని బయలుదేరాను.

అండాలక్కకు యాభై అయిదేళ్ళుంటాయి. బొద్దు మనిషి. గొంతు మాత్రం రైలు కూతను మించింది. దుకాణం ముందు ఒక చెక్క బల్ల. దాని మీద కూర్చొని బస్సు కోసం చూస్తున్నదానిలా నటించాను.

మొదట వచ్చింది సమ్మక్క అనే ముసలమ్మ. కిలో బెల్లం అడిగింది.

"ఇయ్య" అంది అండాలక్క.

"అయిపోయిందా?"

"గీడనే ఉన్నది, కండ్లకు కనబడ్తలేదా? నీకు ఇయ్య. మొన్ననే గదా దవాఖాన్ల షుగరు మూడొందలున్నదని చెప్పింది. మనుమరాలికి గావాలంటే దాన్నే పంపు, పావుకిలో ఇస్త."

"నా పైసలు, నా నోరు. నీదేం బోయింది?"

"నువ్వు బోతే నాకు గిరాకి బోతది. పో, పల్లీలు దీస్కపో."

సమ్మక్క గొణుక్కుంటూ పల్లీలు కొనుక్కొని పోయింది. నేను నోట్‌బుక్ తీసి రాశాను: 'ఉన్న సరుకు అమ్మనంది. ఎందుకు?'

తర్వాత మార్కెట్ యార్డులో బస్తాలు మోసే హమాలీ ఒకాయన వచ్చి తాడు అడిగాడు. ఆమె దగ్గర తాళ్ళ చుట్ట వేలాడుతూనే ఉంది. అయినా, "గిది బస్తాలకు ఆగదన్నా. పక్కకు జగపతి దుకాణంల నైలాన్‌ది దొర్కుతది, గది దీస్కో" అని పంపేసింది. అదీ రాశాను. ఒక గంటలో ముగ్గురిని వేరే దుకాణాలకు పంపింది. నలుగురిని వేరే దుకాణాల వాళ్ళు ఆమె దగ్గరికి పంపారు. ఎవరు ఎవరి గిరాకీయో నాకు అంతుపట్టలేదు.

రెండో రోజు నేను బల్ల మీద కూర్చున్నానో లేదో, లోపలి నుంచి కేక.

"ఓ పిల్లా! నీ బస్సు నిన్న గూడ రాలే, ఇయ్యాల గూడ రాదా?"

నా మొహం మాడిపోయింది.

"మార్టు పిల్లవు గదా నువ్వు? బిల్లింగు కాడ ఉంటవ్. ఏం రాస్తున్నవ్?"

దొరికిపోయాక దాచడమెందుకని ఉన్నదున్నట్టు చెప్పేశాను. వెళ్ళగొడుతుందనుకున్నాను. ఆమె చేతిలోని శనగపప్పు పొట్లం కట్టడం ఆపి నా వైపు తిరిగింది.

"మీ సారుకు మంచి సందేహమే వచ్చింది. నాకు గూడ సమజైతలేదు బిడ్డా. మార్టు వచ్చిన్నాడు నేను దుకాణం బందువెట్టాలె అనుకున్న. జనం వస్తనే ఉన్నరు. ఎందుకొస్తున్నరో ఎవలనడుగుత? అడిగితే వచ్చేటోళ్ళు మానేస్తరేమో. నువ్వు రాయి. సమజైతే నాగ్గూడ చెప్పు. గిట్లొచ్చి లోపల కూసో, ఎండ."

అట్లా నేను దుకాణం లోపలికి చేరాను. రెండు వారాలు అక్కడే. ఒక్కోరోజు ఆమే, "గిది రాసినవా? ఇప్పుడొచ్చినాయన సబ్బుకు రాలే, బిడ్డకు సంబంధం ఏమన్న తెలుసా అని అడగొచ్చిండు. రాయి" అని గుర్తు చేసేది. ఆమెకు నాకంటే ఎక్కువ ఆసక్తి పుట్టింది. మా ఊళ్ళ వైపు ఆడవాళ్ళు కుట్టుకునే గాగ్రాలకు అద్దం బిళ్ళలు, గవ్వలు, రంగు దారాలు ఆమె దగ్గర ఒక డబ్బాలో ఉండేవి. నెలకు ఇద్దరు కొంటే గొప్ప. మరి ఎందుకు పెట్టుకున్నావంటే, "ఆ ఇద్దరు మల్ల ఏడికి పోతరు?" అంది.

అన్నిటికంటే నన్ను నిలబెట్టేసింది మాత్రం జమ్లీ రాక. మా తండా ఆమే. నెత్తిన కొండచీపుళ్ళ మోపుతో దుకాణం ముందు దిగింది. నన్ను చూసి నోరు తెరిచింది. అండాలక్క మోపు విప్పి, చీపుళ్ళు ఒక్కొక్కటీ దులిపి చూసి, రెండు పక్కన పడేసి మిగతావి తీసుకుంది.

"కమ్లి రాలేదా? చింతపండు ఎప్పుడు దెస్తదట?"

నేను తలెత్తాను. కమ్లీ మా యాడి. ప్రతి ఎండాకాలం యాడీ, పక్కింటి సోమ్లీ అవ్వా, మిగతా ఆడవాళ్ళూ వాకిట్లో కూర్చొని చింతకాయ పెంకు కొట్టి, ఈనె తీసి, గింజ తీసేవాళ్ళు. ఆ పండు బస్తాలకెత్తి పంపేవాళ్ళు. 'కేసముద్రం అక్కకు' అనేవాళ్ళు. ఆ పండు పులుపుతోనే నా స్కూలు బట్టలు వచ్చాయి, కాలేజీ బస్సు పాసు వచ్చింది. ప్రపంచంలో అన్నిటినీ ఎందుకు అని అడిగినదాన్ని, ఆ అక్క ఎవరు అని ఒక్కసారీ అడగలేదు.

"నువ్వు కమ్లి బిడ్డవా?" అంది అండాలక్క నన్ను కొత్తగా చూస్తూ. "ముందే చెప్పరాదు? నీ ముక్కు జూసి అనుమానమైంది నాకు."

ఆ సాయంత్రం నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను: 'మా మార్టు అమ్ముతుంది. ఈమె అమ్ముతుంది, కొంటుంది కూడా. ఈమె దగ్గర కొనేవాళ్ళలో సగం మంది ఈమెకు అమ్మేవాళ్ళే.' బుట్టలు, చీపుళ్ళు, విస్తర్లు, కుంకుడుకాయలు, గానుగ నూనె, చింతపండు. అన్నీ ఇరవై ముప్పై మైళ్ళ లోపలివే.

రవి సార్ అది చదివి కుర్చీలోంచి లేచాడు. ఆయన కళ్ళలో నిజమైన సంతోషం.

"మనమూ కొందాం రజితా! మార్టులో ఒక మూల మొత్తం ఇక్కడి సరుకే పెడదాం. మీ తండా చింతపండుతో మొదలు. ఆమె ఇచ్చే ధర కంటే కిలోకు కొంచెం ఎక్కువే ఇద్దాం. హైదరాబాద్‌తో నేను మాట్లాడతా. నువ్వు మీవాళ్ళతో మాట్లాడు."

ఆదివారం తండాకు పోయాను. వాకిట్లో నులక మంచాల మీద పండు ఆరుతోంది. యాడి, సోమ్లీ అవ్వ, జమ్లీ, ఇంకో పదిమంది ఆడవాళ్ళు చుట్టూ చేరారు.

"ఈసారి పండు బయటికి పంపకుండ్రి. అంతా మా మార్టే తీసుకుంటది. ధర గూడ ఎక్కువ" అన్నాను.

యాడి చేతిలో రాయి ఆపింది. "అండాలు సంచి ఇప్పి, చెయ్యి వెట్టి జూసి, బాగలేకుంటే తిడ్తది. మీ సారు ఎట్ల జూస్తడు?"

"మిషన్లు ఉంటయి యాడీ."

"నాకైతే మీ మార్టు నచ్చింది" అంది జమ్లీ. "అన్నీ చేతితోని పట్టి జూసుకోవచ్చు. ఎవలు కసురుకోరు. అండాలు కసురుకుంటది."

అందరూ నవ్వారు. అది నిజమే. మార్టులో మావాళ్ళను ఎవరూ గడప అవతల నిలబెట్టరు. ఏ పేట, ఏ తండా అని అడగరు. నాకు మార్టు మీద ఉన్న నమ్మకం ఉత్తది కాదు.

బాపు లేచి నిలబడ్డాడు. "నా బిడ్డ చదువుకున్నది. దాని మాట మీద ఇస్తున్నం. ఇంక ముచ్చట లేదు" అన్నాడు. యాడి మళ్ళీ రాయి అందుకుంది. మా ఇంట్లో బాపు మాటే చివరి మాట.

మార్టు కోసం పక్కన పెట్టినవి ముప్పై ఆరు బస్తాలు. తండా బడి వరండాలో పేర్చారు.

కేసముద్రం తిరిగొచ్చాక అండాలక్కకు నేనే చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె తక్కెడలో పప్పు పోస్తూ, "మంచిదే. ఎక్కువొస్తే ఎవలకు చేదు?" అంది. అంతే. పప్పు తూచడం మాత్రం రెండుసార్లు తప్పింది.

మార్చి అంతా రవి సార్ ఫోన్లు చేస్తూనే ఉన్నాడు. ఇవాళ, రేపు. ఒకసారి శాంపిల్ పంపమన్నారు, పంపాం. ఇంకోసారి ఫొటోలు పంపమన్నారు. ఉగాది దాటిన వారానికి నన్ను గదిలోకి పిలిచి, కూర్చోమన్నాడు. ఆయన మాత్రం నిలబడే ఉన్నాడు.

"ఒప్పుకోలేదు రజితా. సప్లయర్‌గా రిజిస్టర్ అయినవాళ్ళ దగ్గరే కొనాలట. ప్యాకింగు, లైసెన్సు అన్నీ ఉండాలట. వచ్చే ఏడు చూద్దామంటున్నారు."

"వచ్చే యేటిదాక చింతపండు ఆగదు సార్."

"తెలుసు" అన్నాడు. "నేను ముందే అడిగి ఉండాల్సింది" అన్నాడు. ఆ మాట ఆయన మనసులోంచే వచ్చింది. కానీ బస్తాలు మా తండాలో ఉన్నాయి.

ఆ సాయంత్రం బస్సెక్కాను. గూడూరు దాటాక పడమటి ఆకాశం నల్లబడి ఉంది. చెడగొట్టు వానల కాలం. తడి గాలి తగిలితే చింతపండు నల్లబడుతుంది, మెత్తబడుతుంది, పురుగు పడుతుంది. ఆ తర్వాత దాన్ని ఎవరూ కొనరు. బడి వరండాకు గోడ ఒకవైపే.

ఇంట్లో చెప్పాను. బాపు ఫోన్ తీసి జేబులో పెట్టుకొని బయటికి వెళ్ళిపోయాడు. సోమ్లీ అవ్వ గడపలో కూర్చొని, "మీ చదువు మీకే మంచిది బిడ్డా" అంది. తిట్టినా బాగుండేది. యాడి మాత్రం అన్నం పెట్టింది. నేను తినేదాకా చూసింది.

"పొద్దుగాల్ల మొదటి బస్సుకు పోదాం" అంది.

"ఏడికి?"

"అండాలు కాడికి."

"నేను రాను యాడీ. ఆమె మొహం నేనెట్ల జూడాలె?"

"నువ్వు జూడకు. నేను జూస్త. నువ్వు బస్తా పట్టుకో."

తెల్లవారి ఒక బస్తా బస్సు మీద వేసుకొని పోయాం. అండాలక్క దుకాణం ముందు నీళ్ళు చల్లుతోంది. మమ్మల్ని చూసింది, బస్తాను చూసింది. ఏమైందని అడగలేదు. బస్తా మూతి విప్పి మోచేతి దాకా చెయ్యి దూర్చి, అడుగు నుంచి ఒక రేక తీసి నోట్లో వేసుకుంది. కళ్ళు మూసుకొని చప్పరించింది.

"మంచిగున్నది. ఎన్నున్నయి?"

"ముప్పై అయిదు ఇంటి కాడ. గిది ఒకటి" అంది యాడి.

అండాలక్క చెయ్యి దులుపుకొని బల్ల మీద కూర్చుంది. వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది.

"నా కొట్టంల నాలుగు బస్తాలకు జాగ ఉంటది. పోయినేటి ధరే. ఎక్కువ నేను ఇయ్యలేను కమ్లీ."

"నాలుగేనా?" అన్నాను. మాట నా నోట్లోంచి జారిపోయింది.

"మిగతయి నడువు, అడుగుదాం."

మొదట పక్క దుకాణం. జగపతి గడ్డపారలు, తాళ్ళు, గిలకలు అమ్ముతాడు. విషయం విని రెండు చేతులూ ఎత్తాడు.

"నేను చింతపండేం జేసుకోను అక్కా? గడ్డపారలు తోమాల్నా?"

"నర్మెట్టల మీ తమ్ముడు హోటల్ నడుపుతలేడా? సాంబార్ల ఏం పోస్తడు, ఉత్త నీళ్ళా? ఫోన్ జెయ్యి."

జగపతి నవ్వుతూ తమ్ముడికి ఫోన్ చేశాడు. అయిదు బస్తాలు. ఆ తమ్ముడు జనగామలో పొడులూ పచ్చళ్ళూ అమ్మే నీరజ అనే ఆమె నంబరిచ్చాడు. ఆమె ఆరు చాలన్నది. తర్వాత, ఆవకాయకు చింతపండు అక్కర్లేదు గానీ పండుమిర్చి తొక్కుకు కావాలి, ఎనిమిది పంపండి అన్నది. మానుకోటలో ఒక టిఫిన్ సెంటర్‌కు ఆరు. కేసముద్రంలోనే ఇంకో రెండు కిరాణాలు, మార్టు వచ్చాక పలచబడ్డవే, చెరి రెండు దించుకుంటామన్నాయి. నేను పక్కన నిలబడి రాసుకుంటున్నాను. ఒకరి పేరు ఇంకొకరి దగ్గర, ఆ ఒకరి నంబరు మరొకరి దగ్గర. ఇంతమంది ఒకరికొకరు తెలుసన్నది నా రెండు వారాల రాతల్లో ఎక్కడా లేదు.

మధ్యాహ్నానికి అండాలక్క గొంతు బొంగురుపోయింది. భూపాలపల్లిలో బొగ్గుగని కార్మికులకు మెస్సు నడిపే గట్టమ్మకు ఫోన్ కలిపి, రింగవుతుండగానే దాన్ని యాడి చేతిలో పెట్టింది.

"నా గొంతు పోయింది. నువ్వు మాట్లాడు."

యాడి ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. ఆమె పట్నం మనుషులతో ఎన్నడూ ఫోన్‌లో మాట్లాడలేదు. తెలుగు వచ్చు గానీ, యాసకు నవ్వుతారని సిగ్గు. ఎక్కడైనా బాల్‌సింగ్ భార్యను అనే చెప్పుకునేది.

"ఎవలు మాట్లాడేది?" అని అవతల గట్టి గొంతు.

యాడి నా వైపు చూసింది. నేను నోరు తెరవబోతే అండాలక్క నా చెయ్యి నొక్కింది.

"కమ్లీని" అంది యాడి. "చింతపండు నాది. మేమే కొట్టినం. గింజ లేదు, ఈనె లేదు. బాగలేకుంటే వాపసు పంపు" అంది.

"వాపసు దీస్కుంటనన్నోళ్ళను ఇన్నేండ్లల నిన్నే జూసిన. ఏడు బస్తాలు పంపు" అని వినిపించింది.

బస్తాలు చేరేయడానికి నాలుగు రోజులు పట్టింది. యార్డుకు మక్కజొన్నలు తెచ్చి ఖాళీగా తిరిగిపోయే లారీలు, ఆటోలు, బస్సు టాపులు, ఏది దొరికితే అది. బాపు ప్రతి బస్తా తన వీపు మీదే మోశాడు. నాలుగో రోజు సాయంత్రం గాలి లేచింది. వడగళ్ళతో వాన. వరండాలో మిగిలిన రెండు బస్తాలూ తడిసి నల్లబడ్డాయి. వాటిని తండా అంతా పంచుకున్నాం. ఆ ఏడు మా ఇళ్ళల్లో పులుసు నల్లగా ఉండేది, రుచి మాత్రం తగ్గలేదు.

వాన వెలిశాక అండాలక్క దగ్గరికి ఒక్కదాన్నే పోయాను. క్షమించమని అడగాలని పోయాను. అడిగింది మాత్రం వేరు.

"నిన్ను కాదని పోయినం. ఎందుకు జేసినవ్ అక్కా గిదంతా?"

ఆమె నన్ను తెలివితక్కువదాన్ని చూసినట్టు చూసింది. "వచ్చే యేడు నాకు చింతపండు గావాలె గదనే? మీ యాడి చేతుల పైసలు లేకుంటే నా దుకాణంల పప్పు ఎవలు కొంటరు? దాని పండు పురుగువడితే నా కడుపు నిండుతదా?" అని, "మీ సారుకు చెప్పు, ఆయనకు జవాబు దొరికిందేమో" అంది.

చెప్పాను. రవి సార్ అంతా విన్నాడు. ఆ నెలాఖరుకే ఆయనకు బదిలీ అయింది. పోయేముందు అండాలక్క దుకాణానికి పోయి రెండు కిలోల చింతపండు కొనుక్కున్నాడు. వాళ్ళమ్మ కోసమట.

మార్టు ఇప్పటికీ ఉంది. బాగానే నడుస్తోంది. బట్టల సోడా, బకెట్లు, పిల్లల డైపర్లు మా తండావాళ్ళు కూడా అక్కడే కొంటారు. నేను మాత్రం ఆ జూన్‌లో ఉద్యోగం వదిలాను. నన్ను ఎవరూ పొమ్మనలేదు. పాత స్కూటీ ఒకటి తీసుకొని, తండా సరుకు నమూనాలు సంచిలో వేసుకొని, జనగామ, మానుకోట, భూపాలపల్లి జిల్లాల్లో చిన్న దుకాణాలు తిరుగుతున్నాను. పోయిన ప్రతిచోటా కాసేపు నిలబడి చూస్తాను. ఈ దుకాణానికి జనం ఎందుకొస్తారు? ఒక్కోచోట ఒక్కో జవాబు దొరుకుతుంది. కొన్నిచోట్ల ఇప్పటికీ దొరకలేదు.

యూనిఫాం వదిలేశానని బాపు ఆరు నెలలు నాతో సరిగా మాట్లాడలేదు. మొన్న మాఘంలో, చింతకాయ ఇంకా దోరగా ఉండగానే, ఇంట్లో ఫోన్ మోగింది. నేను స్కూటీ కడుగుతున్నాను. యాడి చెట్ల దగ్గర ఉంది. బాపే ఎత్తాడు. అవతల ఎవరో భూపాలపల్లి నుంచి. ఈ ఏడు ఎన్ని బస్తాలు, ధర ఎంత అని అడుగుతున్నారు. ఎప్పటిలా తనే తేల్చేస్తాడనుకొని చూస్తున్నాను. బాపు గొంతు సవరించుకున్నాడు.

"గిది కమ్లీ ఫోన్. నేను ఆమె పెన్మిటిని" అన్నాడు. "జర ఆగుండ్రి, పిలుస్త."

చెప్పులు కూడా వేసుకోకుండా, ఫోన్‌ను చేతిలో ఎత్తి పట్టుకొని, యాడి పేరు పిలుస్తూ చింతచెట్ల వైపు గబగబా నడిచాడు.